ఓడిన కాగితాన్ని రెండోసారి చదవండి

2013 డిసెంబర్ 11. భారతీయ శిక్షాస్మృతిలోని సెక్షన్ 377 రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మగవాణ్ని ప్రేమించే మగవాడు, ఆడపిల్లను ప్రేమించే ఆడపిల్ల ఆ పూట మళ్లీ నేరస్థుల జాబితాలో చేరారు. నాలుగేళ్ల ముందు, 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఊరట గాలికి పోయింది.

2018 సెప్టెంబర్ 6. అదే కోర్టు, అదే సెక్షన్. ఈసారి కూర్చున్నది ఐదుగురు. ఐదుగురిదీ ఒకటే మాట: పరస్పర ఇష్టంతో ఇద్దరు మేజర్ల మధ్య ఉండే ఏకాంత సంబంధం నేరం కాదు.

నడుమ గడిచింది ఐదేళ్ల లోపే. సెక్షన్‌లో ఒక్క అక్షరం మారలేదు. 1860లో తెల్లవాళ్లు రాసిపెట్టిన వాక్యమే, పదేళ్ల దాకా జైలో, యావజ్జీవమో పడే శిక్షే. మరి ఏం మారింది? జడ్జీలు మారారు, కాలం మారింది అంటారు. అదీ నిజమే. అయితే కాలం కలిసొచ్చిన రోజున చేతిలో సిద్ధంగా కాగితాలు ఉండాలి కదా! ఆ కాగితాలు సిద్ధం చేసినవాళ్లలో ఒకరు మన హైదరాబాద్‌లో పుట్టిన లాయరు మేనకా గురుస్వామి. ఓటమిని ఎలా చదవాలో ఆమె ప్రయాణాన్ని చూసి నేర్చుకోవచ్చు.

ప్రొద్దుటూరు అంగట్లో కూర్చున్న మీకు, జమ్మలమడుగు బస్టాండులో హైదరాబాద్ బస్సు కోసం చూస్తున్న మీకు, పులివెందుల చీనీ తోటలో తండ్రికి సాయం చేస్తూ గ్రూప్-2కు చదువుతున్న మీకు ఈ కథతో ఏం పని? రెండు పనులున్నాయి. మీరూ ఏదో ఒకటి ఓడిపోయి ఉంటారు. ఫలితం చూసి ఫోను పక్కన పడేసి, కారణం చూడకుండా వదిలేసి ఉంటారు. రెండోది, ఆ తీర్పు ఎవరి గురించో ఆ పిల్లలు మీ వీధిలోనూ ఉన్నారు. కొందరు ఇది చదువుతూ కూడా ఉంటారు.

పనిమంతులకే మాట చెల్లుతుంది

మేనక పుట్టింది 1974లో. బెంగళూరు నేషనల్ లా స్కూల్ నుంచి 1997లో పట్టా తీసుకున్నారు. అప్పటి అటార్నీ జనరల్ అశోక్ దేశాయ్ దగ్గర జూనియర్‌గా చేరారు. రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్, తర్వాత హార్వర్డ్, ఆపైన న్యూయార్క్‌లో ఒక పెద్ద లా ఫర్మ్‌లో ఉద్యోగం. అక్కడే ఉండిపోయి ఉంటే డాలర్లకు కొదవ లేదు. తిరిగొచ్చి సుప్రీంకోర్టులో నల్లకోటు వేసుకున్నారు.

వచ్చీ రాగానే 377 జెండా పట్టుకోలేదు. ఆమె పనిచేసిన కేసులు చూడండి. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజన యువకుల చేతికి తుపాకులిచ్చి మావోయిస్టుల మీదికి పంపిన సల్వాజుడుం కేసు. అందులో 2011లో తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. మణిపూర్ ఎన్‌కౌంటర్ల కేసులో ఆమె కోర్టుకు సాయపడే అమికస్. మంత్రులు నోటిమాటగా ఇచ్చే ఆదేశాలను అధికారులు రాతలో పెట్టాలని 2013 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు చెప్పిన కేసులోనూ ఆమె ఉన్నారు. మన కలెక్టరేట్లలో పనిచేసే ప్రతి అధికారికీ ఆ తీర్పు ఒక రక్షణ కవచం.

ఇవి స్వలింగ ప్రేమికుల కేసులు కావు. అయినా ఆ పోరాటానికి ఇవే పెట్టుబడి అయ్యాయి. 2018లో ఆమె లేచి నిలబడినప్పుడు జడ్జీలకు కనిపించింది రాజ్యాంగ చట్టంలో ఏళ్ల తరబడి చెమటోడ్చిన లాయరు. అందుకే మాట తూకంగా పడింది.

మీరు గే కావచ్చు, ట్రాన్స్ కావచ్చు, కులం వల్లనో పేదరికం వల్లనో ఊళ్లో చిన్నచూపు చూడబడ్డవారు కావచ్చు. లోకం మీకు ఒక ముద్ర వేసేస్తుంది. ఆ ముద్రతో కొట్లాడుతూనే చేతిలో ఒక పని గట్టిగా పట్టుకోండి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో కోడింగ్ అయినా, ప్రొద్దుటూరు బంగారు పనైనా, టాలీ అకౌంట్లయినా సరే. "ఆ పిల్లోడా? వాడు అట్లాంటోడంట" అనే నోళ్లే "ఆ పని వాడు తప్ప ఇంకెవరూ చేయలేరు" అని కూడా అనాల్సి వచ్చే స్థితి తెచ్చుకోండి. అప్పుడు మొదటి మాట పదును తగ్గుతుంది.

తీర్పులో మూడు వాక్యాలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2013లో ఓడినప్పుడు ఎంతోమంది ఏడ్చారు. ఏడవడంలో తప్పేం లేదు. అది లాయరుగానే కాక వ్యక్తిగతంగానూ తగిలిన దెబ్బ అని మేనక, ఆమె సహచరి అరుంధతీ కట్జూ తర్వాత చెప్పారు. నేరస్థురాలని ముద్ర వేసిన అదే కోర్టుకు మర్నాడు వేరే కక్షిదారుల కేసు వాదించడానికి వెళ్లాలి. ఆ కష్టం ఊహించుకోండి.

ఏడ్చాక ఏం చేశారన్నదే పాఠం. తీర్పులో ఓటమికి చెప్పిన కారణాలు స్పష్టంగానే ఉన్నాయి.

ఒకటి: ఈ దేశ జనాభాలో వీళ్లు అతి కొద్దిమంది. నూట యాభై ఏళ్లలో ఈ సెక్షన్ కింద విచారణకు వచ్చినవాళ్లు రెండు వందల లోపే.

రెండు: పిటిషన్ వేసిన నాజ్ ఫౌండేషన్ హెచ్‌ఐవీ నివారణలో తాను చేస్తున్న పని గురించి చెప్పిందే తప్ప, వివక్ష ఎక్కడ, ఎవరికి, ఎలా జరిగిందో వివరాలు ఇవ్వలేదు.

మూడు: చట్టం మార్చాలనుకుంటే పార్లమెంటు మార్చుకోవచ్చు. అది కోర్టు పని కాదు.

ప్రొద్దుటూరు బంగారు అంగట్లో పాత నగ తీసుకెళ్తే ఆచారి ఏం చేస్తాడు? గీటురాయి మీద ఒక గీత గీస్తాడు. ఎన్ని పాళ్లు బంగారం, ఎన్ని పాళ్లు రాగి అని చూస్తాడు. అంతేగానీ నగను రోడ్డు మీద పారేయడు. ఓటమి కాగితాన్నీ అలాగే గీసి చూడాలి. ఇందులో పక్షపాతం ఎంత, మన పనిలో నిజమైన లోటు ఎంత? రెండూ కలిసే ఉంటాయి. పక్షపాతం మీద కోపం రావాలి. లోటు మీద పని మొదలవ్వాలి.

"కొద్దిమందే" అన్నది పక్షపాతం. హక్కులకు తలలు లెక్కపెడతారా? "వివరాలు లేవు" అన్న మాటలో మాత్రం పూడ్చుకోదగ్గ లోటు కనిపించింది. ఆ కేసులో ముందు నిలబడింది ఒక సంస్థ. ఈ చట్టం వల్ల నా బతుకు ఇలా అయింది అని సొంత పేరుతో పిటిషనర్‌గా వచ్చిన గే వ్యక్తి లేడు. రాకపోవడానికీ కారణం ఉంది. వస్తే నేరం ఒప్పుకున్నట్టేనన్న భయం.

పేర్లు ముందుకొచ్చాయి

2016లో ఐదుగురు సొంత పేర్లతో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. భరతనాట్య కళాకారుడు నవతేజ్ సింగ్ జోహార్, పాత్రికేయుడు సునీల్ మెహ్రా, వంటల నిపుణురాలు రితూ దాల్మియా, నీమ్రానా హోటళ్ల అమన్ నాథ్, వ్యాపారవేత్త ఆయేషా కపూర్. ఆ లాయర్ల బృందంలో మేనక, అరుంధతి, సౌరభ్ కిర్పాల్ ఉన్నారు. ఈసారి పిటిషన్ హెచ్‌ఐవీ దగ్గర మొదలవలేదు. మా బతుకు ఇదీ, మా ప్రేమ ఇదీ, ఈ సెక్షన్ వల్ల మేం పోగొట్టుకున్నది ఇదీ అంటూ మొదలైంది.

దానిమీద ఒక గొణుగుడు మిగిలింది. వీళ్లంతా పేరూ డబ్బూ ఉన్నవాళ్లు కదా, మామూలు పిల్లల మాటేమిటని. 2018 మేలో దానికీ జవాబు వచ్చింది. దేశంలోని ఐఐటీల్లో చదివిన, చదువుతున్న ఇరవై మంది కలిసి ఒక రిట్ పిటిషన్ వేశారు. వాళ్ల బృందం పేరు 'ప్రవృత్తి'. కోర్టు రికార్డులో ఆ కేసు మొదటి పిటిషనర్ పేరు మీదుగా నమోదైంది: అన్వేష్ పొక్కులూరి. సుప్రీంకోర్టు చరిత్రలో నిలిచిపోయిన ఆ తీర్పు మొదటి పేజీల్లో ఒక తెలుగు ఇంటిపేరు అచ్చయి ఉంది. ఆ పిల్లల తరఫున నిలబడి వాదించింది మేనక.

తీర్పులో 'వివరాలు లేవు' అన్నారు. వివరాలు మనుషుల రూపంలో నడిచొచ్చాయి. లోటును పూడ్చడమంటే ఇదీ.

మీ సంగతికి వద్దాం. డీఎస్సీలో పోయింది, బ్యాంకు ముద్ర లోను ఇవ్వలేదు, ఇంటర్వ్యూలో తీసేశారు. కారణం అడిగారా? బోర్డు పరీక్షలోనో యూనివర్సిటీ పరీక్షలోనో రాసిన జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసుకునే హక్కు అభ్యర్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. అప్పు ఎందుకు ఇవ్వలేదో బ్యాంకును రాతపూర్వకంగా అడగొచ్చు. ఇంటర్వ్యూ చేసినాయనకు రెండు వాక్యాల మెయిల్ పెట్టొచ్చు: "సార్, నేను ఎక్కడ తగ్గానో చెబితే దిద్దుకుంటాను." పదిమందిలో ఇద్దరు జవాబిస్తే చాలు. చిన్నాయన కొడుకు దగ్గర కూర్చుని అంతా రికమండేషనేలే అనుకుంటే మనసుకు హాయిగానే ఉంటుంది. ఆ హాయే మిమ్మల్ని మళ్లీ అదే చోట ఓడిస్తుంది.

పేరు చెప్పే రోజు మీ చేతిలో ఉండాలి

గే, ట్రాన్స్ పిల్లలకు ఇక్కడొక జాగ్రత్త. ధైర్యం చేసి రేపు పొద్దున్నే బజార్లో చెప్పేయండి అని నేను అనను. అలా చెప్పమని ఉసిగొల్పేవాళ్లు ఆ రాత్రి మీకు అన్నం పెట్టరు.

మేనకనే చూడండి. కేసు నడిచినన్నాళ్లూ ఆమె లాయరుగా నిలబడ్డారు. తానూ అరుంధతీ జీవిత భాగస్వాములమని ఇద్దరూ లోకానికి చెప్పింది 2019 జూలైలో, ఒక టీవీ ఇంటర్వ్యూలో. అప్పటికి తీర్పు వచ్చి పది నెలలైంది. ఆ ఏడాదే టైమ్ పత్రిక వంద మంది ప్రభావశీలుర జాబితాలో ఇద్దరి పేర్లూ వచ్చాయి. ఏ మాట ఎప్పుడు చెప్పాలో వాళ్లే నిర్ణయించుకున్నారు.

ధర ఉండదని కూడా అనను. సౌరభ్ కిర్పాల్‌ను హైకోర్టు జడ్జిగా వేయాలని 2017లో మొదలైన సిఫార్సును సుప్రీంకోర్టు కొలీజియం 2021లో ఆమోదించింది, 2023 జనవరిలో మళ్లీ నొక్కి చెప్పింది. ఆయన తన సంగతి దాచుకోకపోవడమే ప్రభుత్వ అభ్యంతరాల్లో ఒకటని కొలీజియమే బయటపెట్టింది. అంత పేరున్న లాయరుకే ఇలా ఉంటే, జమ్మలమడుగులో డిగ్రీ చదివే పిల్లవాడికి ఎలా ఉంటుంది?

కాబట్టి వరుస పాటించండి. ముందు కాళ్ల మీద నిలబడండి: ఒక ఉద్యోగం, మీ పేరు మీద ఒక బ్యాంకు ఖాతా, మీ సర్టిఫికెట్లు మీ దగ్గర. తర్వాత ఒక్కరికి చెప్పండి. ఆ ఒక్కరు కడుపులో మాట దాచుకునే మనిషై ఉండాలి. చాలా ఇళ్లలో అది అక్కే అవుతుంది. సంభాషణ ఇలా మొదలవ్వొచ్చు అనుకుందాం:

"అక్కా, నాకు సంబంధాలు చూడొద్దని నాయనకు నువ్వే చెప్పాల."

"ఏంరా, ఎవర్నన్నా చూసుకున్యావా?"

"లేదక్కా. నాకు ఆడపిల్లల మీద మనసు పోదు. చిన్నప్పట్నుంచీ అంతే. ఎవరో పిల్లను తెచ్చి దాని బతుకు నేను నాశనం చేయలేను."

చివరి వాక్యం చూడండి. అక్క కూడా ఒక ఇంటికి కోడలిగా వెళ్లిన మనిషే. తెలియక పెళ్లయి నలిగిపోయే ఆడపిల్ల కష్టం ఆమెకు ఒక్క క్షణంలో అర్థమవుతుంది. నా హక్కు, నా స్వేచ్ఛ అని మొదలుపెడితే ఆమెకు అర్థం కావడానికి ఏడాది పట్టొచ్చు.

వినేవాళ్ల నమ్మకం నుంచి మొదలుపెట్టండి

కోర్టులో జరిగింది కూడా ఇదే. 2018 జూలైలో వాదనలు నడిచినప్పుడు మేనక ఇదేదో పడకగది వ్యవహారమన్నట్టు వాదించలేదు. ప్రేమ గురించి మాట్లాడారు. నేరస్థులమన్న భయం నెత్తిన పెట్టుకుని కూడా ప్రేమిస్తున్నారంటే ఆ ప్రేమ ఎంత గట్టిదో చూడండని అడిగారు. దాంతోపాటు జడ్జీలు ఎవరూ కాదనలేని చోట కాలు మోపారు: రాజ్యాంగ నైతికత. 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఎత్తిన మాట అది. సమాజం ముక్కు విరిచే విషయమైనా సరే, రాజ్యాంగం ఏమంటోందో అదే కొలత. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి రాజ్యాంగాన్ని కాదనగలడా? తీర్పు రోజున జస్టిస్ ఇందు మల్హోత్రా, వీళ్లకూ వీళ్ల కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలని రాశారు.

మీకు నచ్చిన కారణం చెప్పి ఎదుటివాణ్ని ఒప్పించలేరు. అతను ఇప్పటికే నమ్మేదాన్ని పట్టుకునే ఒప్పించాలి. తండ్రికి పరువు ముఖ్యమా? ఏడాది తిరక్కుండా విడాకులకు కోర్టుకెక్కితే పోయే పరువు గురించి మాట్లాడండి. జేజికి మనవడు సల్లగుండటమే ముఖ్యమా? మీరు ఎన్ని రాత్రులు నిద్రపోలేదో చెప్పండి. పై అధికారికి టార్గెట్ ముఖ్యమా? అంకెలతో వెళ్లండి.

ఇతరుల గెలుపును వాడుకోండి

2013కూ 2018కీ నడుమ రెండు తీర్పులు వచ్చాయి. 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్లను చట్టం గుర్తించాలని నల్సా కేసులో చెప్పారు. 2017 ఆగస్టు 24న వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో చెప్పారు. ఆ తొమ్మిదిమందిలో మన కృష్ణా జిల్లావాసి జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. ఆధార్ మీద మొదలైన కేసది. 377తో నేరుగా సంబంధం లేదు. అయినా 2013 తీర్పు కాళ్ల కింద నేలను కదిపింది అదే. 'కొద్దిమందే కదా' అన్న వాదన చెల్లదని అందులోనే రాశారు. 2018 జనవరిలో 377ను పెద్ద ధర్మాసనానికి పంపినప్పుడు దారి అప్పటికే సగం చదునై ఉంది.

మీ రంగంలో పక్కవాళ్లు గెలిచిన ప్రతిసారీ ఒక ఫైలులో రాసుకోండి. పక్క అంగడివాడికి లోను వచ్చిందా? ఏ స్కీము, ఏ కాగితాలు? సీనియర్‌కు ఉద్యోగం వచ్చిందా? ఏ ప్రాజెక్టు చూపించాడు? అసూయపడే టైములో సగం అడగడానికి పెట్టండి.

పాత పుస్తకం దుమ్ము దులిపిన వైజయంతి

ఇంత దూరం ఢిల్లీ కథే చెప్పాను. హైదరాబాద్ కథ ఒకటుంది. నిజాం కాలంలో, 1919లో హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. వాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. బయట ఆడవేషంలో కనిపిస్తే, వీధిలో ఆడిపాడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. మన కడప అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి అది మనకు తగల్లేదు.

ట్రాన్స్ మహిళ వైజయంతి వసంత మొగ్లి మరికొందరితో కలిసి 2018లో ఆ చట్టం మీద హైకోర్టుకు వెళ్లారు. 2023 జూలైలో చీఫ్ జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ఉన్న తెలంగాణ హైకోర్టు ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇవ్వాలని కూడా చెప్పింది. నూట నాలుగేళ్ల చట్టం ఐదేళ్ల ఓపికతో కూలింది.

అందరూ తిట్టుకుంటారు. ఆ అవమానం వెనక ఏ చట్టం, ఏ జీవో, ఏ సర్క్యులర్ ఉందో వెతికి పట్టుకునేవాళ్లు తక్కువ. మీ హాస్టల్లో, మీ ఆఫీసులో ఏదైనా అన్యాయం 'రూల్' పేరుతో నడుస్తుంటే మొదట ఒక ప్రశ్న వేయండి: "ఆ రూలు కాపీ ఇస్తారా?" చాలాసార్లు కాపీ ఉండదు. ఉంటే అది ఎక్కడ కొట్లాడాలో చెబుతుంది.

గెలిచాక మళ్లీ ఓడితే

2018 గెలుపుతో కథ సుఖాంతం కాలేదు. పెళ్లి హక్కు కోసం వేసిన కేసులో 2023 ఏప్రిల్, మే నెలల్లో వాదించినవాళ్లలో మేనక ఉన్నారు. 2023 అక్టోబర్ 17న ఓటమి. స్వలింగ జంటలకు పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురూ అన్నారు. కనీసం కలిసి బతికే బంధానికైనా చట్టం గుర్తింపు ఇవ్వాలన్న మాట 3-2 తేడాతో పోయింది. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ పోయాయి.

మళ్లీ అదే పని: కాగితం తీసి కారణాలు, మిగులూ చదవాలి. ఓడిన ఆ తీర్పులోనే ప్రభుత్వం కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేస్తామన్న హామీ నమోదైంది. 2024లో కమిటీ వచ్చింది. ఆ ఏడాదే ఇలాంటి జంటలను రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడాలని, జాయింట్ ఖాతాకూ నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదని కేంద్రం స్పష్టం చేసింది. ఆస్పత్రిలో సంతకం, ఆస్తి, దత్తత ఇంకా దూరంలోనే ఉన్నాయి. అయినా ఇద్దరి పేర్లతో ఒక పాసుపుస్తకం చిన్న విషయమేం కాదు. అద్దె, చీటీ, కరెంటు బిల్లు అన్నీ దాని మీదే నడుస్తాయి.

మన రాష్ట్రంలోనూ దారి పడుతోంది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని తండ్రి తీసుకెళ్లి నర్సీపట్నంలో ఉంచితే, 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమెకు తన ఇష్టప్రకారం భాగస్వామితో ఉండే హక్కు ఉందని చెప్పింది. పాత శిక్షాస్మృతి బదులు 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 377 అసలు లేనే లేదు.

పెద్ద గెలుపు తర్వాత వచ్చే ఓటమి మొదటిదానికంటే గట్టిగా కొడుతుంది. ఇంత చేసినా ఇంతేనా అనిపిస్తుంది. ఆ పూట పెద్ద నిర్ణయాలు తీసుకోకండి. కోచింగ్ మానేయడం, అంగడి మూసేయడం, ఊరు విడిచి పోవడం లాంటివి వారం తర్వాత ఆలోచించండి. ముందు కాగితం చదవండి.

అమ్మానాన్నలకు నాలుగు మాటలు

స్వలింగ ప్రేమ జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. దీన్ని మారుస్తామని చికిత్స చేసే డాక్టరు వృత్తిపరమైన తప్పు చేసినట్టేనని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో ప్రకటించింది. కాబట్టి తాయెత్తుకూ, మాత్రలకూ, పెళ్లి చేస్తే సరిపోతుందన్న సలహాకూ డబ్బు పోయకండి. ఊళ్లో ఏమంటారో అన్న భయం నిజమైనదే, దాన్ని తక్కువ చేయను. కానీ ఊరు పదిరోజులు మాట్లాడుకుని మరో కబురు వెతుక్కుంటుంది. బిడ్డ మాత్రం జీవితాంతం మీ బిడ్డే. మొదటి రోజు నోట మాట రాకపోతే ఒక్కటే అడగండి: "అన్నం తిన్యావా?" మిగతా సంభాషణకు తర్వాత టైముంది.

ఈ వారం చేయాల్సిన పనులు

1. గత ఏడాదిలో మీరు ఓడిన ఒక విషయం ఎంచుకోండి. దాని కాగితం, అంటే మార్కుల జాబితా, తిరస్కరణ లేఖ, మెయిల్, ఏదుంటే అది బయటికి తీయండి. లేకపోతే తెప్పించుకోవడానికి దరఖాస్తు పెట్టండి.

2. నోటుపుస్తకంలో రెండు నిలువు గళ్లు గీయండి. ఎడమవైపు వాళ్ల పక్షపాతం, కుడివైపు నా లోటు. రెండు గళ్లలోనూ కనీసం రెండేసి వాక్యాలు రాయండి. ఒక గడి ఖాళీగా ఉందంటే నిజాయితీగా రాయలేదన్నమాట.

3. కుడివైపు గడిలో ఒక్క లోటు ఎంచుకుని, అది పూడాలంటే ఏ ఆధారం, ఏ నైపుణ్యం, ఏ మనిషి కావాలో రాయండి.

4. ఆ లోటును ఇప్పటికే పూడ్చుకున్న ఒకరికి ఫోన్ చేయండి. "అన్నా, ఐదు నిమిషాలు" అంటే కాదనేవాళ్లు మన సీమలో తక్కువ.

5. మనసు బరువెక్కి ఊపిరాడనట్టుంటే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. ఇంట్లో నిర్బంధించినా, బెదిరించినా ఉచిత న్యాయ సహాయానికి 15100 ఉంది.

రెండో పని ఈ రాత్రికే అవుతుంది. పెన్ను తీసుకుని కుడివైపు గడితో మొదలుపెట్టండి. ఎడమవైపుది ఎలాగూ మీకు కంఠతా వచ్చే ఉంటుంది.